మిగులు భాషల చుట్టరికం

పాపువా భాషలు అనగానే ద్రావిడ భాషల్లాగే అదీ ఒక కుటుంబం అనుకుంటాం. నిజానికి అది కుటుంబం పేరే కాదు. పడమట తిమోర్, హల్మహేరా దీవులు, నడుమ న్యూగినీ, తూర్పున సాలమన్ దీవులు. ఈ మేరలో వినిపించే భాషల్లోంచి ఆస్ట్రొనేషియన్ కుటుంబానికి చెందినవి తీసేయగా, ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలతోనూ కలవక మిగిలినవాటికి పెట్టిన పేరు అది. ఆ మిగులు చిన్నదేమీ కాదు. బిల్ పామర్ సంపాదకత్వంలో వచ్చిన సంపుటం లెక్క ప్రకారం 862 భాషలు, 43 కుటుంబాలు. ఏ కుటుంబంలోనూ ఇమడని ఏకాకి భాషలు మరో 37. యూరప్ ఖండమంతా వెతికినా భాషా కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే దొరుకుతాయి.

ఈ మిగులును మొదట గుర్తించినవాడు సిడ్నీ రే. వృత్తిరీత్యా లండన్‌లో బడిపంతులు. న్యూగినీ తీరం నుంచి వచ్చిన మాటల పట్టికలు పరిశీలించి, వాటిలో కొన్ని ఫిజీ, మలయ్ భాషల చుట్టాలనీ, కొన్ని ఎంతమాత్రం కావనీ 1892లో తేల్చాడు. ఆ రెండో రకానికి పాపువా భాషలన్నాడు. 1898లో కేంబ్రిడ్జి పరిశోధక బృందంతో టోరెస్ జలసంధికి వెళ్ళి ఆ భాషల్ని చెవులారా విన్నాడు.

అయితే కాదని చెప్పడం తేలిక. ఏవి ఏవాటికి చుట్టాలో చెప్పడం దగ్గరే చిక్కంతా ఉంది.

ఆ చిక్కు తెలుగువాళ్ళకు కొత్తది కాదు. మన మాటల్లో సగం సంస్కృతంలా వినిపిస్తాయి కాబట్టి తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని చాలాకాలం నమ్మారు. 1816లో మద్రాసులో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఆ మాటను కాదన్నాడు. అరువు మాటలు పక్కన పెట్టి, ధాతువుల్ని తమిళ కన్నడాల ధాతువులతో సరిపోల్చి చూపాడు. పద్ధతి మూలం అదే: అరువు తెచ్చుకున్నదేది, పుట్టుకతో వచ్చినదేది అని విడదీయడం. న్యూగినీలో ఆ విడదీత ఎన్నో రెట్లు కష్టం. అక్కడ పాత శాసనాలు లేవు, తాళపత్రాలు లేవు. చాలా భాషలకు మిషనరీలో అధికారులో రాసుకున్న రెండు మూడు వందల మాటల పట్టికే ఆధారం.

పైగా అక్కడి జనం తమ భాషను చేజేతులా మార్చుకుంటారు. చాలా తెగల్లో అత్తవైపు వాళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు పలకకూడదు. ఆ పేరును పోలిన మామూలు మాట కూడా నోట రాకూడదు. దాని బదులు ఇంకో మాట తెచ్చుకుంటారు, చాలాసార్లు పొరుగు భాష నుంచే. సెలెపెట్ భాష మాట్లాడే ఒక ఊరివాళ్ళు పొరుగు ఊళ్ళకన్నా వేరుగా ఉండాలని సమావేశమై, తమ భాషలో 'కాదు' అనే మాటనే మార్చుకున్నారు. బూగన్‌విల్ దీవిలో బుయిన్ మాట్లాడే ఉయిసాయివాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. చుట్టుపక్కలవాళ్ళు పుంలింగంగా వాడేవి వీళ్ళు స్త్రీలింగంగా, స్త్రీలింగంగా వాడేవి పుంలింగంగా తిప్పేశారు. ఇలాంటి చోట మాటల పోలికనే నమ్ముకుంటే చుట్టాలు పరాయివాళ్ళలా, పరాయివాళ్ళు చుట్టాల్లా కనిపిస్తారు.

పోనీ వాక్య నిర్మాణాన్ని నమ్ముదామా? కొండప్రాంతపు పాపువా భాషల వాక్యం మనకు తెలిసినట్టే ఉంటుంది. క్రియ చివర వస్తుంది. 'లేచి, మొహం కడుక్కుని, టీ తాగి, వెళ్ళాడు' అని మనం అసమాపక క్రియల్ని గొలుసు కట్టినట్టే వాళ్ళూ కడతారు, ఇంకా పొడుగ్గా. పైగా గొలుసులోని ప్రతి క్రియా రాబోయే పని చేసేది ఈ మనిషేనా, వేరే మనిషా అని తన ప్రత్యయంతోనే ముందుగా చెప్పేస్తుంది. మన 'లేచి'కి అంత శక్తి లేదు. నాకైతే ప్రపంచ భాషల్లో ఇంతకన్నా ముచ్చటైన ఏర్పాటు మరొకటి కనబడదు. కానీ చుట్టరికానికి ఇదీ సాక్ష్యం కాదు. కార్కార్ దీవిలో టాకియా, వాస్కియా అని రెండు భాషలున్నాయి. మొదటిది ఆస్ట్రొనేషియన్, రెండోది పాపువా. పుట్టుక వేరైనా తరతరాల పొరుగు వల్ల టాకియా తన వాక్యాన్ని వాస్కియా అచ్చులో పోసుకుంది. హైదరాబాద్ దక్కనీలో 'బోల్‌కే' మన 'అని' చేసే పనే చేస్తుంది. అంతమాత్రాన దక్కనీ ద్రావిడ భాష అయిపోదు కదా.

అందుకే ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన మాల్కమ్ రాస్ సర్వనామాలను పట్టుకున్నాడు. కూరగాయల పేర్లూ పనిముట్ల పేర్లూ అరువు తెచ్చుకున్నంత సులువుగా 'నేను', 'నువ్వు'లను ఎవరూ తెచ్చుకోరు. దాదాపు ఆరువందల పాపువా భాషల సర్వనామాలు పోగేసి 2005లో ఆయన ప్రకటించిన వర్గీకరణలో ఇరవైకి పైగా కుటుంబాలు తేలాయి. వాటిలో అతిపెద్దది ట్రాన్స్ న్యూగినీ. దాని మూలభాషలో నేను అంటే 'న', నువ్వు అంటే 'ంగ', మేము అంటే 'ని', మీరు అంటే 'ంగి' అని పునర్నిర్మించాడు. 'న' చూడగానే మన 'నా' గుర్తొచ్చి ఉలిక్కిపడకండి. అంత చిన్న మాటలు ప్రపంచమంతటా యాదృచ్ఛికంగా కలుస్తూనే ఉంటాయి. ఇక్కడ బరువైన సాక్ష్యం ఒక్క 'న' కాదు, ఆ వరస. ఏకవచనంలో అకారం, బహువచనంలో ఇకారం, అదీ రెండు పురుషల్లోనూ. ఇలాంటి వరస మారుమూల భాషల్లో కూడా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే కాకతాళీయం అనడం కష్టం.

విడి పోలికల్ని నమ్ముకుంటే ఏమవుతుందో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1971లో చూపించాడు. మన అండమాన్ భాషలు మొదలుకొని పాపువా భాషల మీదుగా టాస్మేనియా దాకా ఒకటే 'ఇండో-పసిఫిక్' కుటుంబమన్నాడు. ధ్వని మార్పుల్లో నియమం చూపలేకపోయాడు. ఆ రంగంలోని నిపుణులు చాలామంది దాన్ని ఒప్పుకోలేదు.

ట్రాన్స్ న్యూగినీ కథ అంత సులువుగా తెగలేదు. 1970లో మెకెల్‌హానన్, ఫోర్‌హూవ్ దాన్ని తొలిసారి ప్రతిపాదించారు. 1975లో స్టీఫెన్ వుర్మ్ దాన్ని దాదాపు అయిదువందల భాషలకు సాగదీశాడు. 1986లో విలియం ఫోలీ ఆ సాగదీతను ఒప్పుకోక, చూపగలిగినంత మేరకే కుటుంబమంటానని అరవైకి పైగా ముక్కలుగా ఉంచాడు. వుర్మ్‌ది సాహసం, ఫోలీది క్రమశిక్షణ. ఆ క్రమశిక్షణే లేకపోతే తర్వాత వచ్చిన పనికి విలువ ఉండేది కాదు. ఆండ్రూ పాలీ దశాబ్దాలపాటు కూర్చుని తినడం, చావడం, పేను, చెట్టు, రొమ్ము వంటి నిత్యావసరపు మాటలకు మూలరూపాలు కట్టాక, ఈ కుటుంబానికి గట్టి నడుమభాగం ఉందని నమ్మకం కుదిరింది. అంచుల్లో ఎవరు లోపల, ఎవరు బయట అన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంత తంటా ఎందుకంటే, రాత లేని చోట చరిత్రకు ఆధారాల్లో భాష ఒకటి కాబట్టి. న్యూగినీ ఎత్తుభూముల్లో కూక్ అనే చిత్తడి నేల ఉంది. అక్కడ తవ్విన కాలువలు, మట్టిదిబ్బల ఆనవాళ్ళను బట్టి దాదాపు ఏడువేల ఏళ్ళ కిందటే సేద్యం ఉందని తేలింది. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ట్రాన్స్ న్యూగినీ భాషలు కొండల వెంబడి అంత దూరం పాకడానికి చేమ, అరటి వంటి పంటల ఈ సేద్యమే కారణమై ఉంటుందని చాలామంది ఊహ. మిగతా కుటుంబాల సంగతి వేరు. న్యూగినీలోకి మనుషులు వచ్చి దాదాపు యాభైవేల ఏళ్ళు. పోలికల పద్ధతికి పదివేల ఏళ్ళు దాటితే చూపు ఆనదు. కాబట్టి ఈ కుటుంబాలకు చుట్టరికమే లేదని ఎవరూ అనలేరు, ఉందని చూపనూ లేరు.

ఏకాకి భాషలకు ఈ పాటి ఆసరా కూడా లేదు. సెపిక్ నది ముఖద్వారానికి దగ్గర్లోని గాపున్ అనే ఊళ్ళో తయాప్ అనే భాష ఉంది. 1980లలో మానవశాస్త్రవేత్త డాన్ కులిక్ అక్కడికి వెళ్ళేసరికే మాట్లాడేవాళ్ళు వందకు లోపు, పిల్లలు టోక్ పిసిన్ అనే ఉమ్మడి భాషకు మారిపోయారు. 2019లో ఆయన ఆంజెలా టెరిల్‌తో కలిసి తయాప్ వ్యాకరణం, నిఘంటువు ప్రచురించాడు. సరిపోల్చడానికి సోదర భాష లేదు కాబట్టి, రేపు తయాప్ గురించి ఎవరేం తెలుసుకోవాలన్నా గాపున్‌లో అలా నమోదు చేసుకున్నదే ఆధారం.