బీటిల్సువారి కడపటి రికార్డు

ఇంగ్లండునందలి లివర్‌పూలు నగరమున పుట్టిన బీటిల్సు బృందమువారి కడపటి రికార్డేది యని యడిగినచో, 1970 మే నెలలో వెలువడిన ‘లెట్ ఇట్ బీ’ యని పలువురు చెప్పుదురు. వెలువడిన క్రమమునుబట్టి యది నిజమే. కాని అందలి పాటలలో చాలభాగము 1969 జనవరిలోనే పాడినవి. కొంతకాలము మూలబడి, పిదప ఫిల్ స్పెక్టరు చేర్చిన వాద్యముల బరువు నెత్తుకొని బయటకు వచ్చినవి. ఆ నలువురు నిజముగ వీడ్కోలు పలికినది 1969 సెప్టెంబరునాటి ‘ఆబీ రోడ్’లోనే యని మా యభిప్రాయము.

అప్పటికే వారి పొత్తు చెడియుండెను. పూర్వమువలె పని సాగనిచ్చినచో వచ్చెదనను నియమముతో నిర్మాత జార్జి మార్టిను మరల వచ్చెను. ఉమ్మడి కుటుంబములు చీలుట నెరిగిన మన పాఠకులు ఇందు ముఖ్యముగ వినదగినవి చిన్నవాని పాటలు. జార్జి హారిసను నలువురిలో పిన్నవాడు. లెనను, మెకార్ట్నీల పాటలకే యెల్లప్పుడు పెద్దపీట. అతనికి తరచు రికార్డున కొకటి రెండు దక్కుచుండెను. ఇందును రెండే. అయినను ‘సంథింగ్’, ‘హియర్ కమ్స్ ద సన్’ లేనిచో ఈ రికార్డు వెలవెలబోవును. రెండవది యతడు వ్యాపార సమావేశమునకు పోక తప్పించుకొని, మిత్రుడు ఎరిక్ క్లాప్టను తోటలో కట్టినది. నడుమ లయ విరిగి, తాళము తప్పెనేమో యని తోచి, మరల సరిగ వచ్చి కలియును. రవిశంకరునొద్ద నేర్చినవానికి ఇది వింత గాదు. ఆ పాటలో లెనను వాయింపనే లేదు. ఆ యక్టోబరులో ‘సంథింగ్’ను విడిగ వెలువరించి ముందువైపున నుంచిరి. హారిసను పాటకు బృందములో ఆ మర్యాద దక్కుట అదియే మొదటిసారి. ఇల్లు విడిపోవు వేళకుగాని తమ్మునికి వీధివాకిలి తెరువలేదన్నమాట! లోపల నెంత మూలుగుచుండెనో 1970లో అతడొక్కడే వెలువరించిన మూడు రికార్డుల సంపుటము చూపినది.

రెండవవైపున గొలుసుగ కూర్చిన పాటలను విమర్శకులు మిక్కిలి కొనియాడుదురు. వానిలో పెక్కు పూర్తికాని తునకలు. అతుకు చక్కగ నున్నంతమాత్రమున బట్ట క్రొత్తది కాదు. కాని చివరి ‘ది ఎండ్’ మాట వేరు. ఒంటరిగ డోలు వాయించుట కిష్టపడని రింగో స్టారుచే అందు వాయింపించిరి. పిదప మెకార్ట్నీ, హారిసను, లెనను గిటార్లందుకొని, రెండేసి ఆవర్తములు వాయించి మరొకరికి వదలుచు, మూడుమారులు తిరుగుదురు. ఒకరి వంతు నొకరు త్రొక్కలేదు. పిన్నవానికిని సమభాగమే. రికార్డు వెలువడిన నెలలోనే లెనను తాను విడిపోవుచున్నానని తక్కినవారికి తెలిపెను.

ఆ పాట ముగిసిన పిమ్మట కొంత నిశ్శబ్దము. అంతట, ముందు తీసివేసిన ‘హర్ మెజెస్టీ’ యను 23 సెకనుల పాట పిలువని పేరంటమువలె వచ్చి, కడపటి స్వరము లేకయే తెగిపోవును. పారవేయక టేపు చివర నతికించిన ఆ తునకను వారట్లే యుండనిచ్చిరి. మాకది యిష్టమే.