నిలబడి చెప్పిన భారతం: తీజన్ బాయి పండవానీ

వేదిక మీద తీజన్ బాయి చేతుల్లో ఉండేవి రెండే: నెమలి ఈకలు కట్టిన తంబూరా, తాళానికి చిరతలు. కురుక్షేత్రం, జూదపు సభ, అర్జునుడి రథం, భీముడి గద, ద్రౌపది విరబోసుకున్న జుట్టు, అన్నీ ఆ ఒక్క తంబూరాలోంచే రావాలి. వస్తాయి కూడా. ఎలా వస్తాయన్నది దగ్గరగా చూడదగ్గ సంగతి.

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పాండవుల కథను పాడి వినిపించే కళ పండవానీ. అక్కడివాళ్లకు ఈ కథలో అసలు నాయకుడు భీముడు. దీన్ని చెప్పే తీరులు రెండు. వేదమతి పద్ధతిలో కథకుడు కూర్చుని, సబల్ సింగ్ చౌహాన్ రాసిన పద్యభారతాన్ని అనుసరించి పాడతాడు. ఝాడూరామ్ దేవాంగన్ ఆ పద్ధతిలో మేటి. కాపాలిక పద్ధతిలో కథకుడు నిలబడి, నడుస్తూ, నటిస్తూ, అప్పటికప్పుడు మాట అల్లుకుంటూ పోతాడు. తీజన్ బాయికి ముందు కూడా ఆడవాళ్లు పండవానీ పాడారు. అయితే కూర్చునే పాడారు. నిలబడి చెప్పడం మగవాళ్ల సొత్తుగా ఉండేది.

1956లో భిలాయికి దగ్గరున్న గనియారీ అనే ఊళ్లో, పార్ధీ తెగలో ఆమె పుట్టింది. బడి మొహం చూడలేదు. అమ్మమ్మగారింటి తాత బ్రిజ్‌లాల్ భారతం పాడుతుంటే విని విని కంఠతా పట్టింది. తర్వాత ఉమేద్ సింగ్ దేశ్‌ముఖ్ దగ్గర మెలకువలు నేర్చుకుంది. పన్నెండేళ్లకే పెళ్లి చేశారు. పదమూడేళ్లకు చంద్రఖురీ గ్రామంలో, నిలబడి చెప్పే కాపాలిక పద్ధతిలోనే తొలి ప్రదర్శన ఇచ్చింది. అందిన సొమ్ము పది రూపాయలు. ఆడది పండవానీ పాడటమేమిటని కులం వెలివేసింది. చిన్న గుడిసె వేసుకుని, ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నెలతో, పెట్టిన తిండితో ఒంటరిగా బతికింది. పాట మాత్రం మానలేదు.

ఆమె తెగువను మెచ్చుకుని ఊరుకుంటే మాత్రం సగమే చూసినట్టు. నిలబడటం ఆమెకు హక్కు, పనితనం కూడా. కూర్చున్న గాయనికి గొంతు, ముఖం, చేతులు ఉంటాయి. నిలబడ్డ గాయనికి వీటితోపాటు నేల దొరుకుతుంది. రెండడుగులు ముందుకేస్తే యుద్ధరంగం, ఒక పక్కకు తిరిగితే భీష్ముడి మాట, ఇంకో పక్కకు తిరిగితే అర్జునుడి జవాబు. నడుము వంగిన తీరు, తల ఎత్తిన తీరు చూసి ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. చీర మారదు, నగలు మారవు, నుదుటి బొట్టు మారదు. ఆ ఒక్క ఆడమనిషే కథ చెబుతుంది, కథలోని మగవాళ్లందరూ అవుతుంది, మళ్లీ కథకురాలిగా బయటికొస్తుంది.

ఇక తంబూరా. భుజాన వేసుకుంటే భీముడి గద. ముందుకు చాచి పట్టుకుంటే అర్జునుడి విల్లు. కాసేపట్లో రథం, ఇంకాసేపటికి ద్రౌపది జుట్టు. ఆ వస్తువును ఆమె పూర్తిగా అనుకరించదు. ఒక్క భంగిమ చూపించి వదిలేస్తుంది. గద బరువెంతో, దెబ్బ ఎక్కడ తగిలిందో ఊహించుకునే పని మనకు మిగులుస్తుంది. ఇంకో సంగతి ఉంది. ఆయుధంగా తిరిగిన ఆ తంబూరాయే మరు నిమిషంలో మళ్లీ శ్రుతి ఇస్తుంది. చంపే చెయ్యే మీటే చెయ్యి. అందుకే ఎంత భీకరమైన ఘట్టంలోనైనా పాట తెగిపోదు.

పక్కన హార్మోనియం, తబలా, ఢోలక్, తాళాలు వాయించేవాళ్లుంటారు. వాళ్లలో ముఖ్యుడు రాగీ. కథకురాలి మాటను అందుకుని తిరిగి చెబుతాడు, ఊ కొడతాడు, తర్వాతేమైందని అడుగుతాడు. మన బుర్రకథలో వంతలున్నట్టే అన్నమాట. రాగీ ప్రశ్న వేసిన ఆ క్షణంలోనే ఆమె ఊపిరి తీసుకుంటుంది, పాత్ర మార్చుకుంటుంది, జనం మొహాలు చూసి కథను పొడిగించాలో ముగించాలో నిర్ణయించుకుంటుంది.

ఆమె గొంతు నున్నటిది కాదు. బరువైనది, కాస్త గరుకైనది, గుండెల్లోంచి వచ్చేది. దుశ్శాసన వధ చెప్పేటప్పుడు మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం. మామూలు సంభాషణలా మొదలైన వాక్యం నడుస్తూ నడుస్తూనే రాగం ఎక్కుతుంది. పతాక ఘట్టంలో పెద్దగా అరిచి, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ ఆగడంలోనే భీముడి కోపం కనబడుతుంది. చెప్పేది ఛత్తీస్‌గఢీలో. ఆ భాష ఒక్క ముక్క రాని విదేశీ ప్రేక్షకులు కూడా ఆమెతోపాటు కథలో నడిచారంటే కారణం ఈ పొందికే.

రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించాక పల్లె దాటి పెద్ద వేదికలు తెరుచుకున్నాయి. ఇందిరా గాంధీ ఎదుట ప్రదర్శన ఇచ్చింది. భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. శ్యామ్ బెనెగల్ తీసిన భారత్ ఏక్ ఖోజ్ ధారావాహికలో మహాభారత ఘట్టాలను దేశమంతా ఆమె గొంతులో విన్నది. 1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2003లో పద్మభూషణ్, 2018లో జపాన్‌వారి ఫుకువోకా బహుమతి, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి.

బిరుదులకన్నా పెద్ద ఫలితం ఛత్తీస్‌గఢ్‌లోనే కనిపిస్తుంది. ఆమె తర్వాత తంబూరా పట్టి నిలబడ్డ ఆడవాళ్లు ఎందరో. వాళ్లలో ఉషా బార్లేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఒక తరంలో వెలి వేయించిన పని తర్వాతి తరానికి గౌరవం తెచ్చింది. ఈ మార్పు జాలితోనో ఉపన్యాసాలతోనో రాలేదు. నిలబడి చెబితే భారతం ఇంత బాగుంటుందని ఆమె చేసి చూపించింది, చూసినవాళ్లు కాదనలేకపోయారు. తీజన్ బాయి దుశ్శాసన వధ రికార్డింగు దొరికితే తప్పక చూడండి. తంబూరా ఎప్పుడు గద అవుతోందో, ఎప్పుడు మళ్లీ శ్రుతిలోకి వస్తోందో గమనిస్తూ చూడండి. ఒక కళాకారిణి జీవితమంతా సాధన చేసి సంపాదించుకున్న విద్య ఆ రెండింటి మధ్యే ఉంది.