భ్రమను చూపే కెమెరా: ‘1: నేనొక్కడినే’

పాత్ర కళ్లకు కనిపించేదే నమ్మదగనిదైతే దర్శకుడు కథ ఎలా చెప్పాలి? సుకుమార్ దర్శకత్వంలో 2014 సంక్రాంతికి విడుదలైన ‘1: నేనొక్కడినే’ను ఈ కోణంలో పరిశీలిద్దాం.

కథానాయకుడు గౌతమ్ (మహేష్‌బాబు) రాక్ గాయకుడు. తన తల్లిదండ్రులను చంపినవాళ్లలో ఒకడు కనిపించాడని వెంటపడి, అతణ్ని చంపేశానని పోలీసులకు లొంగిపోతాడు. అక్కడ రెండో మనిషే లేడని విలేకరి సమీర (కృతి సనన్) వీడియోతో రుజువు చేస్తుంది. గమనించండి, ఆ పోరాటాన్ని మనమూ చూశాం. కెమెరా మొదట గౌతమ్ పక్షాన నిలబడి శత్రువును మనకు చూపించింది. వీడియో ఆ తర్వాత వచ్చి అతణ్ని చెరిపేసింది. గౌతమ్‌ను ‘పిచ్చివాడు’ అనేలోపే ప్రేక్షకుడు కూడా మోసపోయాడు. మతి చలించిన పాత్రను నవ్వించడానికో భయపెట్టడానికో వాడుకోవడం అలవాటైన మన తెరపై ఇది చిన్న విషయం కాదు.

ఇలాంటి పాత్రలన్నిటికీ మనవాళ్లు ‘స్కిజోఫ్రేనియా’ అని పేరు పెట్టేస్తారు. ‘అపరిచితుడు’ (2005)లో ఒకే మనిషిలో ముగ్గురు కనిపిస్తారు. అది వేరే సమస్య. స్కిజోఫ్రేనియాలో మనిషి ఇద్దరుగానో ముగ్గురుగానో విడిపోడు. లేనివి అనుభవంలోకి వస్తాయి, నిరాధారమైన అనుమానాలు బలపడతాయి, ఆలోచన తెగిపోతుంది. కంటికి కనిపించేవాటికన్నా చెవికి వినిపించే గొంతులే ఎక్కువ. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర, బందరు రోడ్డు జాతీయ రహదారిని దాటేచోట నిలబడ్డారనుకోండి. ఆ హారన్ల రొదలో మీ పేరు పెట్టి ఎవరో తిడుతున్నారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మీకు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. దీన్ని తెరకెక్కించడం కష్టం కాబట్టే సినిమాలు గొంతుకు ముఖం తొడుగుతాయి. హాలీవుడ్ చిత్రం ‘ఎ బ్యూటిఫుల్ మైండ్’ (2001) కూడా అదే చేసింది. ఆ కథకు ఆధారమైన గణితవేత్త జాన్ నాష్‌ను వేధించినవి ప్రధానంగా గొంతులే.

సుకుమార్ సినిమాతో నా పేచీ రెండో సగంలో. తల్లిదండ్రుల హత్య నిజమేనని తేలుతుంది, అన్వేషణ లండన్ దాకా సాగుతుంది. దాంతో భ్రమ జబ్బుగా కాక, విప్పవలసిన ఆధారంగా మారిపోతుంది. థ్రిల్లర్‌కు ఇది లాభమే. కానీ పక్కింటివాళ్లు అన్నంలో విషం కలిపారని నమ్మే కొడుకున్న తల్లికి ఈ కథ ఏం చెబుతుంది? ఆ అనుమానం వెనుక ఏదో రహస్యం ఉందనా? మందులు, నిద్రలేని రాత్రులు, ఇంటివాళ్ల అలసట ఇక్కడ కథకు అవసరం లేకుండా పోయాయి.

వీలైతే వీడియో సన్నివేశాన్ని మరోసారి చూడండి. ఈసారి శత్రువును వదిలేసి, తాను కొట్టింది గాలినేనని తెలిసిన క్షణంలో గౌతమ్ ముఖాన్ని గమనించండి.