పేరులో మతం, బతుకులో మనిషి: ‘కేరాఫ్ కంచరపాలెం’లో మతచర్చ తీరు

కీలకపదాలు: తెలుగు సినిమా, కథనశిల్పం, మతం, నాస్తికత, కంచరపాలెం.

వెంకటేష్ మహా రచించి, దర్శకత్వం వహించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే అధికసంఖ్యలో నటించడం, స్థానిక మాండలికం వినిపించడం విమర్శకులను ఎక్కువగా ఆకర్షించాయి. సహజత్వం గురించిన ఈ చర్చలో వెనకబడిపోయిన అంశం ఒకటుంది. దేవుడు, మతం అన్న విషయాలను ఎవరినీ కించపరచకుండా, అలాగని ఎవరినీ బుజ్జగించకుండా చర్చించడానికి ఈ చిత్రం ఎంచుకున్న కథనపద్ధతి అది.

చిత్రంలో నాలుగు ప్రేమకథలు సమాంతరంగా నడుస్తాయి. బడిపిల్లవాడు సుందరం సునీతను ఇష్టపడతాడు. జోసెఫ్ బ్రాహ్మణ యువతి భార్గవిని, మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం సలీమాను ప్రేమిస్తారు. 49 ఏళ్ళ అవివాహితుడు, అటెండరు రాజు ఒడిశా నుంచి బదిలీపై వచ్చిన అధికారిణి రాధకు దగ్గరవుతాడు. ఈ నలుగురూ ఒకే మనిషి అన్న సంగతి చివరికిగాని తెలియదు.

ఈ మలుపును కథన చమత్కారంగా మెచ్చుకొని వదిలేయడం పరిపాటి. కాని అది ప్రేక్షకుడి అలవాటును పట్టి చూపుతుంది. సుందరం అనగానే హిందువనీ, జోసెఫ్ అనగానే క్రైస్తవుడనీ విభజించుకున్నది ప్రేక్షకుడే. ఆ విభజనే లేకుంటే రహస్యం నిలిచేది కాదు. ‘గడ్డం’ మారుపేరు, ‘రాజు’ ఏ మతం వారైనా పెట్టుకోగల పేరు. మతాన్ని చెప్పే పేర్ల నుంచి చెప్పని పేర్లకు కథానాయకుడు జరిగిపోయాడని రెండోసారి చూసినప్పుడు స్ఫురిస్తుంది. ఊరిపేరులోనూ వినిపించేది కంచరి అనే వృత్తివాచకమే కదా! ఒక విశ్వాసం పట్ల చులకనభావంతో చూసిన ప్రేక్షకుడు, తాను అభిమానించిన మనిషినే చులకన చేశానని గ్రహించవలసి వస్తుంది.

విగ్రహభంగ సన్నివేశాన్ని ఈ దృష్టితో పరిశీలించాలి. తన మొర ఆలకించలేదన్న కోపంతో బాలుడు తండ్రి మలచిన వినాయక విగ్రహాన్ని పగలగొడతాడు. తండ్రి ప్రాణాలు తీసుకుంటాడు. ఆ విగ్రహం ఊరికి దైవం, తండ్రికి చేతిపనీ పరువూ, పిల్లవాడికి మాట తప్పిన నేస్తం. ఈ మూడు దృష్టులలో దేనినీ చిత్రం నవ్వులపాలు చేయదు. రాజు నాస్తికత గ్రంథపఠనం వల్ల అబ్బినది కాదు. తండ్రి మరణం, ఇంటివారి ఒత్తిడికి లొంగిన భార్గవి ఎడబాటు, సలీమా మరణం దాని వెనుక ఉన్నాయి. ఊరు అతణ్ణి ప్రధానంగా నిలదీసేది పెళ్ళి చేసుకోలేదని. దేవుణ్ణి నమ్మకపోవడం ఊరికి అంత పెద్ద నేరంగా తోచదు. కులమతాల పట్టింపు ఎక్కడ కరకుగా బయటపడుతుందో ఈ చిన్న వివరం సూచిస్తుంది: గుడి దగ్గర కంటే పెళ్ళి దగ్గర.

తెలుగునేలపై ఆస్తిక నాస్తిక సంవాదానికి మరో రూపం గోరాది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, గాంధీతో తన సంభాషణలను 1951లో ఆంగ్లంలో గ్రంథస్థం చేశారు. గోరా కుమార్తెకూ దళిత యువకుడికీ జరిగే వివాహప్రమాణంలో దైవం పేరుకు బదులు సత్యం పేరు చేర్చడానికి గాంధీ సమ్మతించారు. ఆయన మరణానంతరం, 1948లో ఆ వివాహం సేవాగ్రాంలో జరిగింది. అక్కడ ఇద్దరూ వాదించారు; ఒకరు ఒక మాట మార్చుకున్నారు. రాజు, రాధల విషయంలో అటువంటి మార్పు అవసరం పడదు. ఆమె భక్తి ఆమెతో, అతని అవిశ్వాసం అతనితో ఒకే ఇంటికి చేరతాయి. ఈ పరిష్కారం హృద్యమైనదే, కాని సులువుగా లభించింది. రాజు అవిశ్వాసానికి చిత్రం ఒక జీవితాన్నంతా సాక్ష్యంగా చూపింది. రాధ విశ్వాసం ఏ అనుభవాల మీద నిలిచిందో చూపే గతకథ అంతటి విస్తృతితో లేదు.

సలీమా పాత్రలో ఈ అసమానత మరింత స్పష్టం. నిర్మాత పరుచూరి ప్రవీణ స్వయంగా పోషించిన ఈ పాత్రను గడ్డం, అతనితోపాటు ప్రేక్షకుడు, మొదట కళ్ళ ద్వారానే ఎరుగుతారు. వృత్తిరీత్యా ఆమెకు అంటిన నిందను చిత్రం సాహసంగా తుడిచివేసింది. ఆమె ముసుగు మాత్రం గడ్డం ప్రేమకు అలంకారంగా మిగిలింది. వినాయకుడితో సుందరానికి ఉన్న తగవు వంటిది ఆమెకు తన దేవుడితో ఉందో లేదో తెలిసేలోపే ఆ కథ ముగిసిపోతుంది.