రిజిస్టరు చెప్పనిది, సెషన్ చెప్పించినది: స్కాటిష్ గ్రామ పారిష్ పత్రాల పరిశీలన

స్కాట్లాండులో పౌర నమోదు 1855 జనవరి 1న గాని మొదలు కాలేదు. అంతకు ముందరి గ్రామీణ కుటుంబాల చరిత్రకు పారిష్ చర్చి రిజిస్టర్లే ప్రధానాధారం. అయితే వాటిలో కనిపించేవి చర్చితో జరిగిన వ్యవహారాలు: పుట్టుకకు బదులు బాప్తిస్మం, పెళ్లికి బదులు పెళ్లి ప్రకటన, మరణానికి బదులు పలుచోట్ల శవపేటికపై కప్పే వస్త్రానికి చెల్లించిన అద్దె. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుపై మూడు పెన్నీల సుంకం ఉండేది. చాలా కుటుంబాలు నమోదుకే రాలేదు. 1843లో ఫ్రీ చర్చి చీలినప్పుడు దాని వెంట వెళ్లినవారూ పాత రిజిస్టర్లకు దూరమయ్యారు. పేరు లేదు గనుక మనిషి లేడనుకోవడం తొందరపాటు.

ఈ ఖాళీని కొంత పూరించేవి కర్క్ సెషన్ కార్యవివరణలు. మతాచార్యుడు, సంఘ పెద్దలు కూడిన ఈ సభ పేదలకు సాయం పంచేది, వివాహేతర గర్భాలను విచారించేది. రిజిస్టరు చెప్పని తండ్రి పేరు ఇక్కడ దొరకవచ్చు. వంశవృక్షం గీసేవారికి అంతటితో పని తీరుతుంది. విమర్శకుడికి చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ పేరును ఒక స్త్రీ పెద్దల ఎదుట నిలబడి, ప్రశ్నకు జవాబుగా చెప్పింది. రాసినవాడు సెషన్ గుమాస్తా (తరచుగా ఊరి బడిపంతులూ అతడే). ఆమె వాంగ్మూలంగా మనం చదివేది అతని సంక్షేపాన్ని.

1845 పేదల చట్టంతో సాయం బాధ్యత పారోకియల్ బోర్డులకు మళ్లింది. అదే స్త్రీ వృద్ధాప్యంలో సాయం కోరి ఉంటే, ఆమె పుట్టిన ఊరు, పిల్లల వివరాలు మరో గుమాస్తా చేతిరాతలో, వేరే ప్రశ్నలకు జవాబులుగా ఉంటాయి. ఆ రెండు పుటలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.