ఇంకో నాలుగు కేజీలు

తెలుగులో జ్వరం వస్తుంది. షుగరు వస్తుంది. జలుబు దానంతటదే చేస్తుంది. ఒళ్ళు మాత్రం మనమే చేస్తాం. "ఏంటే, బాగా ఒళ్ళు చేశావు?" అంటుంది పెళ్ళిలో కలిసిన పెద్దమ్మ, అదేదో నేను పనిగట్టుకుని చేసినట్టు. ఎవరైనా పొగరుగా మాట్లాడితే "కొవ్వెక్కిందా?" అంటాం, ఎదురు తిరిగితే "ఒళ్ళు బలిసిందా?" అంటాం. మన భాషలో లావు జబ్బు కాదు, గుణం. అందుకే దానికి మందు కూడా మాటల్లోనే ఉంది: నోరు కట్టుకో.

ఈ మధ్య రెండు పాఠ్యాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకటి 'సైజ్ జీరో' సినిమా. రెండోది నా ఆరోగ్య బీమా పాలసీలో 'ఊబకాయం, బరువు నియంత్రణ' అనే శీర్షిక కింద ఉన్న నిబంధన, ఎక్స్‌క్లూజన్ కోడ్ 06. రెండోదాన్ని విమర్శకులెవరూ పట్టించుకోరు, నిజమే. కానీ నా ఒంటి గురించి నిర్ణయం తీసుకున్న వాక్యం అది. కవిత్వం చదివినంత శ్రద్ధగా చదవాల్సి వచ్చింది.

ముందు సినిమా. 2015 నవంబరు 27న విడుదలైంది. దర్శకుడు ప్రకాశ్ కోవెలమూడి. అదే ఏడాది జులైలో 'బాహుబలి'లో కనిపించిన అనుష్క, ఇందులో లావుపాటి స్వీటీ. పాత్ర కోసం దాదాపు 20 కేజీలు పెరిగిందని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ స్థాయి హీరోయిన్ అలాంటి పని చేయడం చిన్న విషయం కాదు. రేలంగి కాలం నుంచీ మనకు లావంటే హాస్యం. కథ మధ్యలో, కెమెరాకి ఎదురుగా ఒక లావుపాటి అమ్మాయిని నిలబెట్టినందుకు ఆ సినిమా మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కూతురి పెళ్ళి కోసం తల్లడిల్లే అమ్మగా ఊర్వశిని చూసి నవ్వాను కూడా. మా అమ్మ పక్క సీట్లో ఉంది, తను నవ్వలేదు.

సినిమాలో విలన్, బరువు తగ్గిస్తానని జనాన్ని మోసం చేసే క్లినిక్. దాన్ని నడిపే సత్యానంద్ పాత్రలో ప్రకాశ్ రాజ్. స్నేహితురాలు ఆ క్లినిక్ వల్ల ప్రమాదంలో పడితే స్వీటీ దాని మీద పోరాటం మొదలుపెడుతుంది. హైదరాబాద్‌లో ఏ మెయిన్ రోడ్డు మీద చూసినా స్లిమ్మింగ్ సెంటర్ల బోర్డులే కాబట్టి ఆ కోపం సబబే. కానీ కథ మనముందు రెండే దారులు పెడుతుంది: మోసపోవడం, లేదా ఉన్నదున్నట్టుగా నిన్ను నువ్వు ప్రేమించుకోవడం. కథని నడిపేది పెళ్ళి కష్టం. రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేచే అమ్మాయికి అందులో చోటు లేదు. ఆ అమ్మాయి తనని తాను ప్రేమించుకుంటే సరిపోదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళిందంటే, సినిమా లెక్కలో తను సత్యానంద్ క్లినిక్ మెట్లెక్కినట్టే.

అదే 2015లో, ఈ సినిమాకి అయిదున్నర నెలల ముందు, జూన్ 6న ఆర్తి అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో చనిపోయింది. 31 ఏళ్ళు. 'నువ్వు నాకు నచ్చావ్' చూసిన మా తరానికి ఆ అమ్మాయి పక్కింటి అక్కలాంటిది. చనిపోవడానికి కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో "ఆపరేషన్" అనే మాట వినిపిస్తే చాలు, వెంటనే "ఆర్తి అగర్వాల్ ఏమైందో చూశావుగా" అనేవారు. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వుని పీల్చేయడం, ఆకృతి కోసం చేసేది. బేరియాట్రిక్ సర్జరీ వేరు. అది పొట్ట మీద, పేగుల మీద చేసే చికిత్స. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగం తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దాంతోపాటే పోతుంది. రెండింటినీ ఒకటే చేసి ఆ మరణాన్ని ఒక నీతికథగా చెప్పుకున్నాం: అందం కోసం పోతే ఇంతే.

ఇక రెండో పాఠ్యం. విచిత్రమేమిటంటే, మా పెద్దమ్మకి తెలియని తేడా బీమా నిబంధనకి తెలుసు. ఆకృతి కోసం చేసే సర్జరీ ఎక్స్‌క్లూజన్ 08లో ఉంటే, ఊబకాయం సర్జరీ 06లో విడిగా ఉంది. పాలసీల్లో ఇలాంటి మినహాయింపులకు ఒకే రకమైన భాష ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది. ఆ సంస్థ ఉండేది నానక్‌రామ్‌గూడలో. నేనుండే బహదూర్‌పల్లి నుంచి దుండిగల్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నేరుగా అక్కడికే. నా కథ రాసినవాళ్ళు అంత దగ్గర్లో ఉన్నారని పాలసీ చదివేదాకా నాకు తెలీదు.

ఆ నిబంధన అడ్డం తిరిగిన వాక్యం. 'ఈ షరతులుంటే ఇస్తాం' అనదు, 'ఈ షరతులన్నీ నెరవేరకపోతే ఇవ్వం' అంటుంది. డాక్టరు సలహా ఉండాలి, వైద్య ప్రమాణాల ప్రకారం జరగాలి, 18 ఏళ్ళు నిండాలి. బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి. 35 గానీ అంతకు మించి గానీ ఉండి 40 లోపైతే, ఊబకాయం వల్ల గుండె కండరానికొచ్చిన జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 డయాబెటిస్, వీటిలో ఒకటైనా ఉండాలి. అదీ బరువు తగ్గే చిన్న పద్ధతులన్నీ విఫలమయ్యాక.

విశేషణాలు చూడండి. తీవ్రమైన. అదుపులో లేని. విఫలమయ్యాక.

నా ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 96 కేజీలు. బీఎంఐ 38.5. స్లీప్ ఆప్నియా ఉంది. పరీక్షలో గంటకి 26 సార్లు ఊపిరి ఆగింది. 30 దాటితేనే తీవ్రం, నాది మధ్యస్థం. షుగరుంది. కానీ నాలుగేళ్ళుగా మందులు మానకుండా, అన్నం కొలుచుకుని తింటూ హెచ్‌బీఏ1సీని 6.9 దగ్గర పట్టుకొచ్చాను. అంటే అదుపులో ఉంది. క్రమశిక్షణ లేదని ఊరంతా అనే మనిషిని, క్రమశిక్షణ ఉన్నందుకే పక్కన పెట్టేశారు. క్లెయిము తిరస్కరించాక ఆసుపత్రి ఇన్సూరెన్సు డెస్కులో ఉన్న కుర్రాడు జాలిగా అన్నాడు: "మేడమ్, ఇంకో నాలుగు కేజీలుంటే ఈజీగా అయిపోయేది."

గండిమైసమ్మ చౌరస్తా నుంచి ఇంటికొస్తూ లెక్క వేశాను. 100 కేజీలకి బీఎంఐ 40. దారిపొడవునా బిర్యానీ సెంటర్లే, నెల రోజులు చాలు. నిజం చెప్తున్నాను, సీరియస్‌గానే ఆలోచించాను.

ఈ 40, 35 అనే అంకెలు ఎక్కడివి? 1991లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ సదస్సు చెప్పిన హద్దులు కూడా ఇవే. తర్వాత 2022లో ఈ సర్జరీ చేసే డాక్టర్ల అంతర్జాతీయ సంఘాలు ఆ హద్దుల్ని సవరించాయి. ఆసియా వాళ్ళకి తక్కువ బరువులోనే జబ్బులొస్తాయి కాబట్టి 27.5 దాటినప్పటి నుంచే ఈ చికిత్స ఇవ్వొచ్చన్నాయి. కంపెనీల వాదన నాకు అర్థం కాకపోలేదు. హద్దంటూ లేకపోతే ప్రీమియం అందరికీ పెరుగుతుంది, అవసరం లేనివాళ్ళూ కత్తి కిందికి వెళ్తారు. సరే, హద్దు ఉండాలి. కానీ షుగరు అదుపు తప్పేదాకా ఆగమని చెప్పే హద్దు ఎలాంటి హద్దు? కిడ్నీలు, కళ్ళు పాడయ్యాక అయ్యే ఖర్చు ఎవరి ఖాతాలో?

నాకు సినిమా, నిబంధన కలిసే చోటు ఇక్కడే దొరికింది. స్వీటీకి గౌరవం దక్కాలంటే పోరాడి గెలవాలి. నాకు డబ్బు రావాలంటే పూర్తిగా ఓడిపోయి చూపించాలి. మామూలుగా జబ్బు చేసి, మామూలుగా వైద్యం చేయించుకునే వీలు రెండుచోట్లా లేదు. అపెండిసైటిస్ వచ్చినవాణ్ణి ముందు చిన్న పద్ధతులు ప్రయత్నించి విఫలమయ్యావా అని ఎవరూ అడగరు.

చివరికి మూడున్నర లక్షలు. సగం నా దాచుకున్న డబ్బు, సగం అమ్మ గాజుల మీద గోల్డ్ లోన్. పదేళ్ళు నన్ను నోరు కట్టుకోమన్న అమ్మే, ఏమీ అనకుండా గాజులు తీసి టేబుల్ మీద పెట్టింది. మర్నాడు మాత్రం ఒక మాటంది: "ఎవరైనా అడిగితే గాల్ బ్లాడర్ ఆపరేషనని చెప్పు."

అలాగే చెప్పాను. ఆఫీసులో, బంధువులకి, వాచ్‌మన్‌కి కూడా. ముక్కూమొహం తెలియని బీమా కంపెనీకి నా నిద్ర, నా రక్తం, నా ఓటములన్నీ కాగితాల మీద పెట్టి ఇచ్చాను. తెలిసినవాళ్ళకి అబద్ధం చెప్పాను. ఎందుకంటే సర్జరీ అంటే "ఈజీ దారి" అంటారు. ఆ ఈజీ దారిలో మొదటి రెండు వారాలు ద్రవాలే, జీవితాంతం విటమిన్ మాత్రలు, రెండు ఇడ్లీలు తినడానికి అరగంట. జాగ్రత్త తప్పితే బరువు తిరిగొచ్చే అవకాశమూ ఉంది.

ఏడాదిలో 27 కేజీలు తగ్గాను. షుగరు మందులు డాక్టరు సగం తీసేశారు. కిందటి నెల మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఆరో ఫ్లోర్ అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, నా పాత సైజులోనే ఉంది, అద్దంలో నన్ను చూస్తూ మెల్లగా అడిగింది: "అక్కా, ఏం చేశారు?"

"వాకింగ్" అన్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి బాల్కనీలోంచి చూస్తే, ఆ అమ్మాయి కింద అపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతోంది. అప్పట్నుంచి రోజూ తిరుగుతూనే ఉంది. నడక మంచిదే, నేనూ నడుస్తాను. కానీ అది నాకు చేయనిదాన్ని తనకి చేస్తుందని నమ్మించాను. అది జరగకపోతే తప్పు తనదే అనుకుంటుంది, అచ్చం నేననుకున్నట్టే. 'సైజ్ జీరో'లో చోటు లేదని నేను ఫిర్యాదు చేస్తున్న మనిషిని లిఫ్టులో నేనే దాచేశాను. నిబంధన మార్చడం నా చేతిలో లేదు. ఆ ఒక్క జవాబు ఉంది.

రేపు ఆరింటికి నేనూ కిందికి దిగుతాను. తనతో రెండు రౌండ్లు నడిచి, అసలు సంగతి చెప్తాను.