పిడికిట్లో విమానం

2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో కోకాపేట భూమి ఎకరం 100.75 కోట్ల రూపాయల దాకా పలికింది. నానక్‌రామ్‌గూడలో కారెక్కితే ట్రాఫిక్ లేని వేళ పది నిమిషాల దారి. ఆ ధర ఇక్కడెందుకంటే, నేను చెప్పబోయే ఆటకు అర ఎకరం కావాలి. చేత్తో పట్టుకుని తిప్పే కంట్రోల్‌లైన్ మోడల్ విమానానికి 20 మీటర్ల తీగలు, దాని అవతల మనుషులెవరూ నిలబడకుండా మరో అయిదు మీటర్ల ఖాళీ. ఆ వృత్తం రమారమి 2,350 గజాలు. కోకాపేట లెక్కన దాదాపు యాభై కోట్ల ఆటస్థలం! అయినా ఇంజను పెట్టుకుని ఎగిరే మోడల్ విమానాల్లో ఇంత తక్కువ జాగాతో సర్దుకునేవి అరుదు. రేడియోతో నడిపే మోడల్‌కు రన్‌వే కావాలి, చుట్టూ వందల మీటర్ల ఖాళీ ఆకాశం కావాలి. దీనికి ఒక మోస్తరు బడి మైదానం సరిపోతుంది. ఎంత పైకి పోయినా తీగ పొడవే హద్దు, అంటే ఆరంతస్తుల ఎత్తు. నలభై అంతస్తుల మేడలు లేస్తున్న ఈ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆ ఎత్తు ఎవరి కంటికీ ఆనదు.

పైలట్ వృత్తం నడిమధ్యన నిలబడతాడు. విమానం అతని చుట్టూ, గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. దానితోపాటే అతనూ తిరుగుతాడు. చేతిలోని హ్యాండిల్ పై కొస నుంచి ఒకటి, కింది కొస నుంచి ఒకటి, రెండు సన్నటి ఉక్కు తీగలు విమానం ఎడమ రెక్కలోకి వెళ్తాయి. రెక్క మధ్యలో బెల్‌క్రాంక్ అనే చిన్న పలక ఒక బోల్టు మీద తిరుగుతూ ఉంటుంది. తీగలు కట్టేది దానికే. హ్యాండిల్‌ను వెనక్కి వంచితే పై తీగ బెల్‌క్రాంక్‌ను లాగుతుంది, బెల్‌క్రాంక్ పుష్‌రాడ్‌ను కదుపుతుంది, పుష్‌రాడ్ తోక మీది ఎలివేటర్‌ను పైకెత్తుతుంది. ముక్కు లేస్తుంది. ముందుకు వంచితే దిగుతుంది. రేడియో లేదు, జీపీఎస్ లేదు, విమానాన్ని నిటారుగా నిలబెట్టే సాఫ్ట్‌వేర్ అంతకన్నా లేదు.

మరి ఉన్నదేమిటి? లాగుడు. 1.4 కిలోల విమానం 20 మీటర్ల తీగ మీద ఒక చుట్టును 5.3 సెకన్లలో పూర్తి చేసిందనుకుందాం. వేగం గంటకు 85 కిలోమీటర్లు. ఆ వేగంలో అది మన చేతిని దాదాపు నాలుగు కిలోల బరువుతో బయటికి గుంజుతుంది. పదో తరగతి పిల్లలు బోర్డు మీద రాసుకునే వృత్తాకార చలన సూత్రం భుజానికి తెలిసొచ్చేది ఇక్కడే. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలవుతుందన్న మాట మోచేతికి ఒకసారి తగిలాక మళ్లీ మరిచిపోరు. డ్రోన్ నడిపే కుర్రాడికి గాలి తెర మీద అంకెగా కనిపిస్తుంది. తీగలు పట్టినవాడికి గాలి విసురు వచ్చిందంటే, కళ్లకంటే ముందు వేళ్లకు తెలుస్తుంది. ఈ విద్యకు నేనిచ్చే విలువలో సగం దీనికే.

తీగలు బిగిసి ఉన్నంతసేపే విమానం మాట వింటుంది. సడలిన మరుక్షణం ఎలివేటర్ ఎవరి అదుపులోనూ ఉండదు, విమానం పైలట్ నెత్తిమీదికే రావచ్చు. అందుకే మోడల్‌ను కట్టేవాడి తెలివంతా ఆ బిగువును కాపాడటంలోనే కనిపిస్తుంది. ఇంజను ముక్కును ఒక పిసరు వృత్తం బయటికి తిప్పి బిగిస్తారు. చుక్కానినీ అటే వంచుతారు. తీగలు రెక్క కొస నుంచి బయటపడే చోటును బరువు కేంద్రానికి కాస్త వెనగ్గా పెడతారు, దాంతో ముక్కు ఎప్పుడూ బయటివైపే చూస్తుంది. తీగల బరువంతా ఎడమ రెక్క మీద పడుతుంది కాబట్టి కుడి రెక్క కొసలో కొన్ని గ్రాముల సీసం దాచిపెడతారు. కుడి రెక్క పెద్ద వృత్తంలో, అంటే ఎక్కువ వేగంతో తిరుగుతుంది, దానికి ఎత్తే బలమూ ఎక్కువే. అది సరిచేయడానికి చాలా నమూనాల్లో ఎడమ రెక్కను ఒక అంగుళం పొడుగు ఉంచుతారు. బొమ్మ చూసి ‘రెక్కలు సమానంగా లేవే’ అనుకునేవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇది.

ఈ పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నది అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్‌కు చెందిన జిమ్ వాకర్. ‘ఫైర్‌బాల్’ అనే మోడల్‌తో 1940ల్లో దాన్ని ఇంటింటికీ చేర్చిందీ ఆయనే. 1955లో ఎల్.ఎమ్. కాక్స్ కంపెనీతో కోర్టు వ్యాజ్యం నడిచింది. ఒబా సెయింట్ క్లెయిర్ అనే మరో ఆరెగాన్ మనిషి 1937లోనే ‘మిస్ షర్లీ’ అనే మోడల్‌ను ఇలాగే ఎగరేశాడని అక్కడ తేలింది. పేటెంటు పోయింది, ఆట మిగిలింది. మన దేశంలో పాత తరానికి కలకత్తాలోని ఇండియాస్ హాబీ సెంటర్ దిక్కు. అక్కడి బాల్సా కిట్లు, ‘అరోరా’ చిన్న డీజిల్ ఇంజన్లు ఊరూరికీ పార్సిల్లో వెళ్లేవి.

ఇక చెక్క దగ్గరికి వద్దాం, అసలు రుచి అక్కడుంది. బాల్సా చెట్టు దక్షిణ అమెరికాది, ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. ఆరు నుంచి పదేళ్లలో కోతకొస్తుంది. బతికున్నప్పుడు దాని పెద్ద పెద్ద కణాల నిండా నీళ్లు. ఆరబెడితే పల్చటి గోడలూ, వాటి మధ్య గాలీ మిగులుతాయి. కొనేటప్పుడు తూకం యంత్రం దగ్గర ఉండాలి. మీటరు పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న రేకు ఒకటి 15 గ్రాములు తూగుతుంది, అదే కొలతలో మరొకటి 30. రెండూ ఒకే కట్టలో, ఒకే ధరకు ఉండొచ్చు. తూకం అయ్యాక వంచి చూడాలి. అడ్డంగా మెత్తగా వంగే రేకు రెక్క ముందంచు మీద కప్పడానికి పనికొస్తుంది. వెలుతురుకు పట్టి చూస్తే చిన్న చిన్న మెరిసే మచ్చలు కనిపించి, వంచబోతే వంగక బిర్రుగా నిలబడే రేకును రెక్కకు ఆకారమిచ్చే రిబ్బులకు తీసిపెట్టుకోవాలి. తారుమారు చేస్తే ముందంచు పగులుతుంది, రిబ్బులు వణుకుతాయి. ఆ మధ్య 2020 ప్రాంతంలో చైనా గాలిమరల రెక్కలకు బాల్సా గిరాకీ పెరిగిపోయి, మోడళ్లు కట్టేవాళ్లకు మంచి రేకు దొరకడమే గగనమైంది.

తేలిక చెక్క విలువ తెలుగువాళ్లకు కొత్త కాదు. నిర్మల్ బొమ్మలూ, కొండపల్లి బొమ్మలూ పొణికి చెక్కవే. కొండపల్లిలో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికిస్తారు. పొణికి చక్కగా చెక్కుడు పడుతుంది కానీ విమానానికి ఏరుకునే బాల్సా కంటే బరువు. గాలిలో ఎగరని స్టాటిక్ మోడల్‌కు మాత్రం మన చెక్కను ఎవరూ ఎందుకు ముట్టుకోరో నాకు అర్థం కాదు.

రెక్క కట్టడానికి ముందు చదునైన బల్ల వెతుక్కోవాలి. మెలి తిరిగిన రెక్కను తర్వాత ఏ దేవుడూ సరిచేయలేడు. ప్లాన్ కాగితం పరిచి, జిగురంటకుండా దాని మీద పాలిథిన్ కప్పి, రెక్కకు వెన్నెముకలాంటి స్పార్ పుల్లలను గుండుసూదులతో నిలబెడతారు. రిబ్బులు ఒక్కోటీ విడిగా కోస్తే ఒక్కోటీ ఒక్కో తీరున వస్తుంది. అందుకని బాల్సా ముక్కలన్నిటినీ దొంతిగా పేర్చి, రెండువైపులా ప్లైవుడ్ అచ్చులు పెట్టి బోల్టు బిగించి, మొత్తాన్నీ ఒకేసారి సాండ్‌పేపర్‌తో రుద్దుతారు. అతుకులకు ఫెవికాల్, తొందరకు ఫెవిక్విక్, ఇంజను కూర్చునే గట్టి చెక్క దూలాలకు ఆరాల్డైట్. బెల్‌క్రాంక్ బోల్టు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు, నాలుగు కిలోల లాగుడంతా మోసేది అదొక్కటే. ఎగరేసేముందు హ్యాండిల్ నుంచి విమానం దాకా మొత్తం వరసను మోడల్ బరువుకు పది రెట్ల బలంతో లాగి చూడటం ఏరోబాటిక్స్ వాళ్ల ఆనవాయితీ. పైన టిష్యూ కాగితం అంటించి, దాన్ని బిగించే డోప్ పూస్తారు, లేదా ఇస్త్రీపెట్టె వేడికి ముడుచుకునే ఫిల్మ్ కప్పుతారు. మన మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేసిన రెక్క సాయంత్రానికి ఇంకో ఆకారంలో కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా పెట్టి కట్టిన బ్రిటిష్ మస్కిటో యుద్ధవిమానాలకే ఈ బాధ తప్పలేదు. చెక్క, జిగురు అతుకులు ఇక్కడి వాతావరణానికి తాళలేక, 1944 చివర్లో భారత్‌లోని మస్కిటోలను కొన్నాళ్లు నేలమీదే ఉంచేశారు.

ఇంజను తాగేది మిథనాల్, ఆముదం కలిపిన ఇంధనం. అంతర్జాతీయ స్పీడ్ పోటీల్లో ఇచ్చే ప్రామాణిక ఇంధనం 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదం. మామూలు ఖనిజ తైలాలు మిథనాల్‌లో కలవవు, ఆముదం కలుస్తుంది. పైగా విపరీతమైన వేడిలోనూ లోహాన్ని విడవకుండా పట్టుకుంటుంది. పాలమూరు, నల్లగొండ చెల్కల్లో పండిన ఆముదాల నూనెకు ఇలాంటి పని కూడా ఉంటుందని ఆ రైతులకు ఎవరైనా చెప్పారో లేదో. మిథనాల్ మాత్రం విషం, పిల్లల చేతికివ్వకూడదు.

ఈ ఇంజన్లలో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే చమత్కారం ఒకటుంది. ఏరోబాటిక్స్‌కు ఇంధనం పాలు కాస్త ఎక్కువగా ఉండేలా సూది తిప్పుతారు. సమంగా ఎగురుతున్నప్పుడు ఇంజను ఒక పేలుడు తప్పించి ఒక పేలుడుతో, ఫోర్‌స్ట్రోక్ లాగా బొంగురుగా నడుస్తుంది. ముక్కు పైకెత్తి ఎక్కడం మొదలుపెట్టగానే మిశ్రమం పలచబడి, టూస్ట్రోక్‌లోకి మారి, గొంతు సన్నబడుతుంది. అవసరమైన చోట బలం దానంతటదే వస్తుంది. దిగేటప్పుడు మళ్లీ బొంగురు. వేగాన్ని స్థిరంగా ఉంచే గవర్నర్‌ను ఒక్క కదిలే భాగమైనా అదనంగా పెట్టకుండా సాధించారన్నమాట. కళ్లు మూసుకుని విన్నా విమానం ఎక్కుతోందో దిగుతోందో చెప్పేయొచ్చు.

కొత్తవాడికి మొదటి పాఠం: మణికట్టు కదపకు, చేయి చాపి భుజం నుంచి మొత్తం ఎత్తు, దించు. మణికట్టుతో ఆడిస్తే విమానం ఎగిరెగిరి పడి నేల కరుస్తుంది. హ్యాండిల్ జారిపోకుండా మణికట్టుకు పటకా తప్పనిసరి. రెండో పాఠం: విమానాన్నే చూడు, వెనక పరుగెత్తే చెట్లనూ మేడలనూ చూశావో కళ్లు తిరుగుతాయి. లూప్‌లూ, తలకిందుల ఎగురుడూ, ఎనిమిది అంకెలూ గాలి మన వీపుకు తగిలే వైపునే చేయాలి. అటువైపు గాలే తీగలను బిగించి పెడుతుంది. కరెంటు తీగలున్న చోట ఈ ఆట వద్దే వద్దు. మన చేతిలో ఉన్నది ఉక్కు, హైటెన్షన్ లైనుకు తగిలితే రెండో అవకాశం ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఖాళీ జాగాలు చూసి మురిసిపోయేవాళ్లు ముందు తల పైకెత్తి చూడాలి.

పోటీల్లో నాలుగు తీరులున్నాయి. స్పీడ్‌లో తీగ 17.69 మీటర్లు. ఆ విచిత్రమైన కొలత ఎందుకంటే తొమ్మిది చుట్లు తిరిగితే సరిగ్గా ఒక కిలోమీటరు. ఏరోబాటిక్స్, టీమ్ రేస్ సంగతి అలా ఉంచితే, హైదరాబాదీలు ఇట్టే పట్టేసేది కాంబాట్. ఇద్దరు పైలట్లు ఒకే వృత్తంలో భుజం భుజం తగిలేలా నిలబడతారు. ఒక్కో విమానం తోకకు పొడవాటి కాగితం పట్టీ. ఎదుటివాడి పట్టీని మన ప్రొపెల్లర్‌తో తెగ్గొయ్యాలి, నాలుగు నిమిషాల్లో ఎన్ని ముక్కలు కోస్తే అన్ని పాయింట్లు. సంక్రాంతికి పాతబస్తీ మిద్దెల మీద పేంచ్ వేసినవాడికి దీని నియమాలు చెప్పనక్కర్లేదు. తీగలు పెనవేసుకున్నా ఆట ఆగదు, ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ చిక్కు విప్పుకోవాలి.

మన దగ్గర ఈ విద్య పద్ధతిగా నిలిచిన చోటు ఎన్‌సీసీ వైమానిక విభాగం. 1948లో పుట్టిన ఎన్‌సీసీకి ఈ విభాగం 1950లో తోడైంది, రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇప్పటికీ ఒకటే డైరెక్టరేట్. ఎయిర్ వింగ్ క్యాడెట్లకు ఏరోమోడలింగ్ పాఠ్యాంశం, అఖిల భారత వాయు సైనిక్ శిబిరంలో పోటీ అంశం కూడా. ఆ శిబిరానికి తయారయ్యే పిల్లలు కాలేజీ గదుల్లో రాత్రిళ్లు రిబ్బులు రుద్దుతుంటారు. వాళ్లను చూస్తే నాకు అనిపించేది ఒకటే. దుండిగల్ చుట్టూ ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలందరి చేతికీ మొదటి ఏడాదే ఒక హ్యాండిల్ ఇస్తే, ‘స్టెబిలిటీ’ పాఠం చెప్పే అధ్యాపకుడికి సగం శ్రమ తగ్గుతుంది.

ఇప్పుడు చాలామంది బ్రష్‌లెస్ మోటరు, లిథియం బ్యాటరీ పెడుతున్నారు. చప్పుడు తక్కువ, ఆముదం మరకలు లేవు, గేటెడ్ కమ్యూనిటీ సెక్యూరిటీ వాళ్లతో తగువూ తక్కువే. చిన్న టైమర్ ఇన్ని నిమిషాలకని మోటరును ఆపేస్తుంది. పాత ఇంజను ఎక్కేటప్పుడు తనంతట తానే బలం పెంచుకునే ఆ చమత్కారాన్ని కొందరు ఇప్పుడు ఆ టైమర్‌లోనే ప్రోగ్రాముగా రాసుకుంటున్నారు. పాతవాళ్లు ముక్కు విరుస్తారు. నా ఓటు మాత్రం పిల్లలకు మోటరుకే. తీగలు రెండూ అలాగే ఉన్నాయి, లాగుడూ అంతే ఉంది. పైగా నానక్‌రామ్‌గూడలో ఆ ప్రోగ్రాము రాయగలవాళ్లకు కొదవ లేదు, కరువల్లా ఆ అర ఎకరానికే.